టీకాకి ఎంతిస్తారు అని నర్సుని అడిగితే వచ్చే సున్నా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న రాయగడ సంతలో చింతపండు అమ్మే మనిషిని ధర అడిగితే ఒక్కోసారి తిరుగు ప్రశ్న వస్తుంది: "మీరెంతిస్తారేటి, చెప్పండి." ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. మనసులో నూట ఇరవై అనుకున్నవాడు ఎనభై అంటాడు, ఎనభై అన్నాడంటే నూట ఇరవై దాకా వస్తాడని ఆవిడకీ తెలుసు. ఇందులో మోసమేమీ లేదు, బేరం అంటేనే అది.

ఇదే ప్రశ్నని ఒక సర్వే ఫారం పట్టుకుని ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నర్సుని అడిగారనుకోండి. ఫలానా వ్యాక్సిన్‌కి మీరు ఎంత చెల్లించడానికి సుముఖంగా ఉన్నారు? ఆవిడ సున్నా అంటుంది. ఫారంలో సున్నా పడుతుంది. తర్వాత ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఆ సున్నాని చూసి, ఆరోగ్య కార్యకర్తలకే టీకా మీద నమ్మకం లేదని రాసేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సున్నాకి నాలుగైదు అర్థాలున్నాయి, వాటిలో "నాకీ టీకా వద్దు" అన్నది బహుశా అన్నిటికన్నా తక్కువగా తగిలేది.

ఒక అర్థం, "నా దగ్గర లేవు". ఇంకోటి, "జబ్బు వాళ్ల మధ్య పని చేయిస్తున్నది మీరు, సూది కూడా మీరే వేయించాలి". గ్లవ్స్‌కి ఎంతిస్తారు అని నర్సుని ఎవరూ అడగరు కదా, టీకాకి మాత్రం ఎందుకు అడుగుతున్నారు అన్నది ఆ సున్నా వెనక ఉన్న కోపం. మూడోది అచ్చంగా బేరం: ఇప్పుడు మూడొందలు అన్నానంటే రేపు నిజంగానే మూడొందలు కట్టమంటారేమో, ఎందుకొచ్చిన గొడవ. ఇక నాలుగోది, అడిగినవాళ్లెవరో తెలియక, జిల్లా ఆఫీసు నుంచి వచ్చారేమోనన్న అనుమానంతో చెప్పే జవాబు. ఇది సున్నా కాకుండా ఐదొందలు కూడా కావచ్చు, ఎందుకంటే పై ఆఫీసు మనిషి ముందు టీకా అంటే లెక్కలేనట్టు కనపడకూడదు.

భాష దగ్గర ఇంకో మెలిక ఉంది. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఆసుపత్రుల్లో తెలుగు ఇంట్లో మాట్లాడుకునే స్టాఫ్ చాలామందే ఉంటారు. ఫారం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే అడిగే అమ్మాయి దాన్ని అక్కడికక్కడే తెలుగులోకి మార్చి అడుగుతుంది. ఎలా మారుస్తుంది? "ఎంతిస్తారు" అంటే బేరమైపోయింది. "ఎంత ఇవ్వగలరు" అంటే పర్సులో ఎంతుందని అడిగినట్టు. "ఎంత ఇవ్వడానికి ఇష్టపడతారు" అంటే వినాయక చవితి చందా గుర్తొస్తుంది, వినేవాళ్లకి నవ్వు కూడా వస్తుంది. మూడు మాటలకీ మూడు వేర్వేరు అంకెలు వస్తాయి, మూడూ ఒకే కాలమ్‌లో పడతాయి.

ఈ ఇబ్బంది పరిశోధకులకి తెలియనిది కాదు. అందుకే నేరుగా ఎంత అని అడగకుండా, ముందు ఒక ధర చెప్పి సరేనా అంటారు, సరే అంటే పెంచుతారు, కాదంటే తగ్గిస్తారు. కానీ మొదట చెప్పిన ధరే జవాబుని తన వైపు లాక్కుంటుంది, వెయ్యితో మొదలెడితే ఒక చోట ఆగుతారు, వందతో మొదలెడితే ఇంకో చోట. దీనికన్నా కాస్త మెరుగైన పద్ధతి చీట్ల పద్ధతి. రెండు చీట్లు ముందు పెడతారు. ఒకదాని మీద రెండు డోసులు, రెండు రోజుల జ్వరం, ఉచితం అని ఉంటుంది. రెండోదాని మీద ఒకే డోసు, చెయ్యి నొప్పి మాత్రమే, మూడొందల రూపాయలు. ఏది తీసుకుంటారు? ఇలా పది పన్నెండు జతలు చూపించి, మనిషి దేనికోసం దేన్ని వదులుకుంటున్నాడో లెక్కగడతారు. జ్వరం రాకుండా ఉండడానికి ఎంత, డోసు తగ్గడానికి ఎంత, చాన్నాళ్లుగా వాడుకలో ఉన్న టీకా అన్న ధీమాకి ఎంత, ఇలా ఒక్కోదానికీ విడిగా ధర తేలుతుంది. ఈ పద్ధతిలో బేరం ఆడడం అంత తేలిక కాదు, ఎందుకంటే ధర చాలా విషయాల్లో ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది.

సగటుల సంగతి కూడా ఒక్క మాట. పది మందిలో తొమ్మిది మంది సున్నా అన్నారు, ఒక డాక్టరుగారు 2000 అన్నారు. సగటు 200. ఇక హెడ్డింగ్ రెడీ: ఆరోగ్య సిబ్బంది 200 ఇవ్వడానికి సిద్ధం! ఆ పది మందిలో 200 అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మాట సరే, చేత ఏం చెప్పింది? ఆ పరీక్ష కోవిడ్ కాలంలో ఎవరూ ప్లాన్ చేయకుండానే జరిగిపోయింది. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలైనప్పుడు వరసలో మొదటివాళ్లు ఆరోగ్య సిబ్బంది, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా, వాళ్లకి ఉచితం. ధర లేదు, కానీ ఎంచుకునే వీలూ లేదు, ఆ కేంద్రానికి కోవిషీల్డ్ వస్తే కోవిషీల్డ్, కోవాగ్జిన్ వస్తే కోవాగ్జిన్. మార్చి 1 నుంచి ప్రైవేటులో డోసు 250 రూపాయలకి మించకూడదన్నారు. జూన్ వచ్చేసరికి ప్రైవేటు గరిష్ఠ ధరలు కోవిషీల్డ్ 780, స్పుత్నిక్ 1145, కోవాగ్జిన్ 1410. ఒక ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే రెండేసి డోసులకి కోవిషీల్డ్ అయితే 6240, కోవాగ్జిన్ అయితే 11280. ఆశా కార్యకర్తకి కేంద్రం వైపు నుంచి అప్పట్లో నెలకి స్థిరంగా వచ్చేది 2000 (రాష్ట్రం ఇచ్చేదీ, పనిని బట్టి వచ్చేవీ వేరు). ఆవిడ చేతికి సూది ఉచితమే, నిజమే, కానీ ఎంతిస్తారు అన్న ప్రశ్న వినగానే ఆవిడ బుర్రలో తిరిగేది తన ఒక్క చెయ్యి కాదు, ఇంట్లో అత్తగారు, మొగుడు, ఇంటర్ పాసైన కొడుకు. ఆ లెక్క ఫారంలో ఎక్కడా ఉండదు.

2022లో ఇంకా స్పష్టంగా తేలింది. ముందు జాగ్రత్త డోసుని, అంటే మూడో డోసుని, జనవరి 10 నుంచి ఆరోగ్య సిబ్బందికీ, ఫ్రంట్‌లైన్ వాళ్లకీ, జబ్బులున్న 60 దాటినవాళ్లకీ ఉచితంగా ఇచ్చారు. 18 నుంచి 59 ఏళ్ల మిగతావాళ్లకి ఏప్రిల్ 10 నుంచి ప్రైవేటు కేంద్రాల్లో, డబ్బు కట్టి. ధర బాగా దిగింది, రెండు కంపెనీలూ 225కి తగ్గించాయి, వేసినందుకు 150 మించి తీసుకోకూడదన్నారు. 375 రూపాయలు. ఇద్దరు హోటల్లో బిర్యానీ తిన్నంత. అయినా మూడు నెలల్లో 18 నుంచి 59 ఏళ్ల వాళ్లలో వేయించుకున్నది ఒక శాతం కూడా దాటలేదు. జూలై 15 నుంచి 75 రోజులు అందరికీ ఉచితం అనేసరికి అదే వయసువాళ్లలో లెక్క కోట్లకి వెళ్లింది.

చూశారా, జనం డబ్బు కట్టరు, అంతే అని తేల్చేయడం సులువు. కానీ 375 ఎక్కడ కట్టాలి? ప్రైవేటు కేంద్రాలు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే. గుణుపూర్ నుంచో కాశీపూర్ నుంచో బయల్దేరితే బస్సు చార్జీ, పోయిన రోజు కూలి, మర్నాడు జ్వరం వస్తే ఇంకో రోజు కూలి. అన్నీ కలిపితే టీకా ధర అందులో చిన్న ముక్క. ఉచితం అన్న మాటతో పాటు టీకా ఊరి ఉపకేంద్రానికి వచ్చింది, నడిచి వెళ్లే దూరానికి. జనం స్పందించింది ధర సున్నా అయినందుకా, దూరం సున్నా అయినందుకా? రెండూ ఒకేసారి మారాయి కాబట్టి విడదీయడం కష్టం. ఈ సరిహద్దు జిల్లాల సంగతి తెలిసినవాళ్లెవరైనా దూరం వైపే మొగ్గుతారు.

కోవిడ్ కన్నా బాగా నేర్పే ఉదాహరణ హెపటైటిస్-బి, అంటే పచ్చకామెర్ల సూది అని వార్డుల్లో అనుకునేది. ఆరోగ్య సిబ్బందికి ఇది ఉద్యోగంతో వచ్చే ప్రమాదం. వైరస్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివాళ్లలో వందకి 6 నుంచి 30 మంది దాకా అంటుకోవచ్చు. అదే హెచ్ఐవి అయితే వెయ్యికి మూడు. భయం మాత్రం తలకిందులుగా ఉంటుంది, సూది గుచ్చుకోగానే అందరూ అడిగేది హెచ్ఐవి గురించే.

టీకా ఏమో ఉంది, మూడు డోసులు: ఇవాళ, నెలకి, ఆరు నెలలకి. మొదట్లో విదేశాల నుంచి వచ్చే ఈ టీకా సామాన్యుడు కొనే ధరలో ఉండేది కాదు. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చాక, వెంటనే పోటీగా మిగతావీ వచ్చాక ధర నేలకి దిగింది. పిల్లలకి 2011 నాటికి దేశమంతటా ఉచిత టీకాల్లో చేరింది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి వేయడం కూడా ఒక భాగం. అయినా 2011కి చాలా ముందే పుట్టి, ఇప్పుడు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న అమ్మాయి ఇందులో దేనిలోనూ పడకపోవచ్చు.

ఆ అమ్మాయినే ఉదాహరణగా తీసుకుందాం. నైట్ డ్యూటీ, పన్నెండు మంది రోగులు, రాత్రి రెండు గంటలకి ఒకరికి ఐవి (నరంలోకి మందు ఎక్కించే సూది) పెట్టి, వాడిన సూదికి మళ్లీ మూత తొడుగుతోంది. తొడగకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు, కానీ సూదులు వేసే డబ్బా గది అవతల ఉంది. వేలికి గుచ్చుకుంది. చిన్న చుక్క, ఆవగింజంత. సబ్బుతో కడుక్కుంది, ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న ఆ రోగి రిపోర్టులో హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, అంటే హెపటైటిస్-బి ఉందని చూసింది. ఇప్పుడు టీకా ఒక్కటే చాలదు, వైరస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే ఇమ్యూనోగ్లోబులిన్ అనే సూది మందు కూడా కావాలి, వీలైతే 24 గంటల లోపు. దాని ధర వేలల్లో. పార్వతీపురంలో దొరకకపోతే విశాఖపట్నం. నిన్న సాయంత్రం ఎవరైనా పచ్చకామెర్ల సూదికి ఎంతిస్తావమ్మా అని అడిగుంటే సున్నా అనేదే. ఇవాళ పొద్దున్న గాజులు తాకట్టు పెట్టడానికైనా సిద్ధం.

మనిషి మారలేదు, టీకా విలువా మారలేదు, ప్రశ్న అడిగిన పూట మారింది. సర్వేలు నిన్న సాయంత్రం అడుగుతాయి. బేరసారాలు ఇవాళ పొద్దున్న జరుగుతాయి. ఈ రెండిటి మధ్య తేడా ఎంతుందో చూస్తే, సుముఖత అనే అంకెని చూసి టీకా ధర నిర్ణయించడం, లేదా ఆసుపత్రి యాజమాన్యం "వాళ్లే అడగడం లేదండి" అని చేతులు దులుపుకోవడం, రెండూ ఒకే రకం తప్పు. మనిషిని పెట్టుకుని పని చేయించుకునేవాళ్లు మూడు డోసులు వేయించడానికయ్యే ఖర్చు ఒక పూట ఇమ్యూనోగ్లోబులిన్ ఖర్చులో పావలా వంతు కూడా ఉండదు.

ఇక ఏ టీకా నచ్చుతుంది అన్న ప్రశ్న. ఆరోగ్య కార్యకర్తకి ఇక్కడ రెండు ఇష్టాలుంటాయి, ఒకటి తన చేతికి, రెండోది తన పనికి. ఇవి కలవాలని లేదు. సర్వేలు తరచూ మొదటిదే అడుగుతాయి. తన చేతికి కావలసింది అందరికీ కావలసిందే: తక్కువ జ్వరం, తక్కువ డోసులు, తెలిసినవాళ్లు వేయించుకుని బాగున్న టీకా. 2021 జనవరిలో కోవాగ్జిన్‌కి క్లినికల్ ట్రయల్ పద్ధతిలో అనుమతి ఇచ్చి, వేసుకునేవాళ్ల చేత ప్రత్యేకంగా అంగీకార పత్రం మీద సంతకం పెట్టించారు. మూడో దశ ఫలితాలు ఇంకా రాలేదు. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు మాకు కోవిషీల్డ్ ఇవ్వండి అని రాతపూర్వకంగా అడిగారు. టీకా వద్దని కాదు, ఫలానాది కావాలని. ఈ తేడా అప్పట్లో చాలామంది గమనించలేదు. తర్వాత ఫలితాలు వచ్చాయి, 77.8 శాతం సామర్థ్యం అని తేలింది, నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపూ వచ్చింది. ఇష్టాలు అప్పటికే మారడం మొదలైంది, అదీ సైన్స్ వల్లే అనుకోనక్కర్లేదు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం మే నెలలో 6-8 వారాల నుంచి 12-16 వారాలకి పెరిగింది, కోవాగ్జిన్‌కి నాలుగు వారాలే. త్వరగా రెండూ అయిపోవాలనుకున్నవాళ్లు కోవాగ్జిన్ వైపు, విదేశం వెళ్లాల్సినవాళ్లు కోవిషీల్డ్ వైపు. మన హైదరాబాద్ టీకా అన్న అభిమానం కూడా సరిహద్దుకి ఇవతల తెలుగు ఇళ్లలో పనిచేయకపోలేదు.

పనికి కావలసింది వేరే లెక్క. మొదట్లో కోవిషీల్డ్ సీసాలో పది డోసులు, కోవాగ్జిన్ సీసాలో ఇరవై, మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. ఎనిమిది మంది వచ్చిన కొండ ఊళ్లో ఇరవై డోసుల సీసా విప్పాలా వద్దా? విప్పితే పన్నెండు డోసులు పారబోసి వేస్టేజ్‌కి జవాబు చెప్పుకోవాలి, విప్పకపోతే ఎనిమిది మందిని వెనక్కి పంపాలి, వాళ్లు మళ్లీ రారు. ఏఎన్ఎంని, అంటే ఉపకేంద్రంలో టీకాలు వేసే నర్సుని, ఏ టీకా మంచిది అని అడిగితే ఆవిడ చెప్పేది సామర్థ్యం శాతం కాదు, సీసా సైజు.

పిల్లల టీకాల్లోనూ ఇదే. పెంటావాలెంట్ వచ్చాక కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (పసిపిల్లలకి న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బాక్టీరియా) అన్నీ ఒక్క పోటుతో అయిపోతున్నాయి, తల్లులకీ వేసేవాళ్లకీ హాయి. రోటా వైరస్ టీకా 2016లో మొదటి విడతలో నాలుగు రాష్ట్రాల్లో మొదలైతే అందులో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి, అంటే ఈ సరిహద్దుకి రెండు పక్కలా ఒకేసారి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ నోట్లో ఐదు చుక్కలు. పొడి మందుని నీళ్లతో కలిపి తాగించే రకం కూడా ఉంది. పోలియో చుక్కలకి అలవాటుపడ్డ ఊళ్లో ఏది తేలికో వేరే చెప్పాలా? పట్టణం నర్సింగ్ హోమ్‌ల్లో "నొప్పి లేని సూది" అడుగుతారు, జ్వరం తక్కువ, ధర వేలల్లో. కోరింత దగ్గు నుంచి దాని రక్షణ మామూలు సూది కన్నా త్వరగా తగ్గుతుందని నర్సుకి తెలుసు. నిజమైన ఇష్టం తెలియాలంటే ఫారం పక్కన పెట్టి, ఆవిడ సొంత బిడ్డకి ఏది వేయించిందో అడగాలి.

నమ్మకం సంగతి దాటేస్తే మొత్తం తప్పుగా అర్థమవుతుంది. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి వేసే ప్రాజెక్టు నడిచింది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు, చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ సంతకాల తీరుని 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుబట్టింది. ప్రాజెక్టుని 2010లోనే ఆపేశారు. చింతూరు దాటి మోటు, కలిమెల వైపు వెళ్తే ఒడిశాలోని మల్కన్‌గిరి, అక్కడా ఇదే బంధుత్వాలు, ఇవే మాటలు. 2016లో మల్కన్‌గిరిలో వందమంది వరకు పిల్లలు పోయారు, మెదడువాపు అన్నారు, టీకా కార్యక్రమం పెట్టారు, నిపుణులేమో చాలా మరణాలకి కసివింద గింజలు తినడం కారణమని చెప్పారు. టీకా వేయడం తప్పని కాదు, మెదడువాపూ అక్కడ ఉంది. కానీ గడపగడపకీ తిరిగి "వేయించండమ్మా" అని చెప్పిన ఆశా కార్యకర్త పరిస్థితి ఊహించుకోండి. బిడ్డకి ఏడాదిలోపు టీకాలన్నీ వేయిస్తే ఆవిడకి వచ్చేది వంద రూపాయలు. మాట పోతే ఊళ్లో మళ్లీ తలెత్తుకోవడానికి వంద చాలదు. ఫలానా కొత్త టీకాకి మీరెంతిస్తారు అంటే ఆవిడ ఇచ్చేది డబ్బు కాదని ఇక్కడ తెలుస్తుంది.

మళ్లీ మన నర్సు దగ్గరికి. పెద్దవాళ్ల హెపటైటిస్-బి డోసు ఒక మిల్లీలీటరు. మందుల షాపులో పది మిల్లీలీటర్ల సీసా కూడా దొరుకుతుంది, విడిగా కొన్నదాని కన్నా చవక. సున్నా అన్న నలుగురు నర్సులు చందాలేసుకుని సీసా కొన్నారనుకోండి. నలుగురికి నాలుగు డోసులు, ఆరు మిగిలాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు అరలో కాదు, ఫ్రీజర్‌కి ఆనించీ కాదు, గడ్డకట్టిందా ఇక పనికిరాదు. విప్పిన సీసా గడువు 28 రోజులు, రెండో డోసు నెలకి, నాలుగు వారాలకే వేసుకుంటే సరిగ్గా ఆఖరి రోజు. మూడోది ఆరు నెలలకి, దానికి కొత్త సీసా. లెక్క చూసుకుంటే పది మంది కలిస్తేనే గిట్టుబాటు. అందుకని ఆయాల్నీ, వార్డు బాయ్‌నీ, ల్యాబ్ కుర్రాణ్నీ కలుపుకున్నారు. మొదటి సీసాకి పది మంది ఉన్నారు, రెండోదానికీ ఉన్నారు. మూడోదానికి ఏడుగురే. మిగతా ముగ్గురిలో ఒకమ్మాయికి పెళ్లయి పాతపట్నం వెళ్లింది, ఇద్దరు వైజాగ్‌లో జీతం ఎక్కువని మానేసి వెళ్లారు, వాళ్ల వాటా డబ్బులు ఎవరు వేసుకోవాలా అని ఇప్పుడు డ్యూటీ రూమ్‌లో వాదన నడుస్తోంది.